ముప్పై ఏళ్లు దాటినా ‘టెర్మినేటర్ 2’ ఎందుకు నిలబడింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గ్రాఫిక్స్ కోర్సులో కొత్తగా చేరారు. పెద్దవాళ్లందరూ ‘టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే’ చూసి తీరాలన్నారు, చూశారు. బాగానే ఉందనిపించింది. కానీ ఫోనులోనే అంతకు మించిన మాయలు చేసుకుంటున్న రోజుల్లో 1991 నాటి సినిమాను ఇంకా నెత్తిన పెట్టుకోవడం పాత జ్ఞాపకాల మోజు తప్ప మరేమిటని మీ అనుమానం. పైగా, రెండో భాగం మొదటిదాన్ని మించిందని అందరూ అనడం ఎలా సాధ్యమైందని ఇంకో సందేహం.

సూటిగా చెబుతాను. మోజు కొంత ఉంది, కాదనను. అసలు కారణం మాత్రం అది కాదు. ఆ సినిమాలో ప్రతిదానికీ బరువుంది. తెర మీద కదిలే వస్తువుకు బరువుంది, పాత్రలు తీసుకునే నిర్ణయానికీ బరువుంది. గ్రాఫిక్స్ పాతబడ్డాయి. బరువు పాతబడలేదు. రెండో భాగం సంగతికి వస్తే, అది మొదటి కథను పొడిగించలేదు, తిరగేసింది. ఈ రెండూ విడివిడి విషయాలు కావని నా నమ్మకం. కాస్త పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టండి.

హైదరాబాదులో ఇరవై రెండేళ్లుగా కంపోజిటింగ్ (విడివిడిగా తయారైన బొమ్మలను ఒకే షాట్‌గా కలిపే పని) చేస్తున్నాను. మొదటి రెండేళ్లూ గాలిలో ఎగిరే హీరోల నడుముకు కట్టిన తీగలు చెరపడమే పని. మా దగ్గర ఒక మాట ఉంది: ‘షాట్ కూర్చోలేదు’. వెలుగు సరిపోయింది, రంగు సరిపోయింది, నీడ పడింది, అయినా ఆ బొమ్మ నేల మీద నిలబడినట్టుండదు, తేలుతున్నట్టుంటుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు, ‘గ్రాఫిక్స్ బాలేదు’ అని లేచిపోతారు. ఈ తేలడం గురించి కొత్తవాళ్లకు చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నేను తెరిచేది ఈ సినిమానే.

ముందుగా ఒక లెక్క. సినిమా నిడివి 137 నిమిషాలు. అందులో కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మ అంతా కలిపితే ఐదు నిమిషాలకు మించదు. మీరు చూసినప్పుడు ఆ ద్రవలోహపు మనిషి, అదే ప్రతినాయకుడైన టీ-1000, సినిమా అంతటా కరిగి పారుతూనే ఉన్నట్టు అనిపించి ఉంటుంది. అక్కడే ఉంది గమ్మత్తు. తూటా తగిలిన చోట వెండి పువ్వులా విచ్చుకునే గాయాలు చాలావరకు స్టాన్ విన్‌స్టన్ బృందం చేత్తో చేసినవి. లోహపు పూత వేసిన రబ్బరు పువ్వులను చొక్కా కింద ముడిచిపెట్టి, సమయానికి విచ్చుకునేలా అమర్చారు. తుపాకీ దెబ్బకు తల రెండుగా చీలిపోయినది బొమ్మ. ఆసుపత్రిలో కాఫీ తెచ్చుకున్న కాపలాదారు వెనకాలే అచ్చు అలాంటివాడే నేలలోంచి లేచి నిలబడతాడు కదా, లేవడం కంప్యూటర్ పని. ఆ తర్వాత ఎదురెదురుగా ఉన్నది మాత్రం డాన్, డాన్ స్టాంటన్ అనే నిజమైన కవల సోదరులు (తెలుగులో ఇద్దరి పేర్లూ ఒకేలా పలుకుతాయి, నేనేమీ చేయలేను).

విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌ను ఆ సినిమాకు నలుగురు పంచుకున్నారు. డెనిస్ మ్యూరెన్ కంప్యూటర్ బొమ్మల వైపు. స్టాన్ విన్‌స్టన్ బొమ్మలు, మేకప్పు. జీన్ వారెన్ జూనియర్, రాబర్ట్ స్కొటాక్ ఇద్దరూ చిన్న నమూనాలు కట్టి చిత్రించే పనివాళ్లు. కథానాయిక సారా కలలో లాస్ ఏంజెలెస్ అణుబాంబుకు బూడిదయ్యే దృశ్యం స్కొటాక్ బృందం కట్టిన నమూనాలే. కంప్యూటర్ గ్రాఫిక్స్ యుగానికి తలుపు తెరిచిందని పేరుపడ్డ సినిమా ఇది. దానికి వచ్చిన బహుమతిలో మాత్రం ముప్పాతిక వంతు చేతిపనికి దక్కింది.

కంప్యూటర్ చేసిన ఆ కొద్ది నిమిషాలూ ఎందుకు నమ్మబుద్ధవుతాయి? మా వాళ్లందరికీ చూపించే షాట్ ఒకటుంది. పెస్కడెరో ఆసుపత్రి నడవాలో ఇనుప చువ్వల తలుపు అడ్డం వస్తుంది. టీ-1000 ఆగడు, చువ్వల మధ్యలోంచి ముఖం, భుజాలు సాగుతూ ఇవతలికి వచ్చేస్తాడు. ఆనాటి జనం నోరు తెరిచింది అందుకు. నేను చూడమనేది ఆ తర్వాతి క్షణాన్ని. ఒళ్లంతా దాటింది గానీ చేతిలోని తుపాకీ చువ్వలకు తట్టుకుని ఆగిపోతుంది. అతను ఒక్క లిప్త ఆగి, మణికట్టు తిప్పి, తుపాకీని నిలువుగా చేసి లాక్కుంటాడు.

ఆ తుపాకీ ద్రవం కాదు, ఇనుము. దానికి కరగడం తెలియదు. ఆ చిన్న ‘టక్’ చప్పుడు వినగానే అంతకు ముందు మనం చూసిన అసాధ్యమంతా నిజమైపోతుంది. అక్కడ ఆ తుపాకీ లేకపోతే ఆ షాట్ మంచి గారడీ అయ్యేది, అంతే.

పోయినేడు మా దగ్గర నేర్చుకుంటున్న ఒక కుర్రాడు ఇలాంటిదే చేశాడు. కిటికీ గ్రిల్‌లోంచి పాదరసంలా జారి లోపలికి వచ్చే మనిషి. ప్రతిబింబాలు అద్భుతం, 1991లో ఎవరూ కలగనలేనంత నునుపు. అయినా కూర్చోలేదు. మూడు వారాలు వెలుగుతో కుస్తీ పట్టాడు. చివరికి నేను చెప్పింది ఒక్కటే: వాడి జేబులో తాళాలగుత్తి పెట్టు. మనిషి దాటిపోయాడు, గుత్తి గ్రిల్‌కు తగిలి కింద పడింది, వంగి తీసుకున్నాడు. ఆ రోజే షాట్ ఖాయమైంది. వెలుగు ముట్టుకోలేదు.

హద్దులు ముందే చెప్పడం రెండో కారణం. టీ-1000 ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వేసిన మరమనిషి పాత్ర సారా కొడుకు జాన్‌కు ముందుగానే చెప్పేస్తుంది. తాకినదానిని అనుకరించగలదు, కానీ తనంత పరిమాణం ఉన్నవాటినే. కత్తులు, శూలాల్లాంటివి కాగలదు. బాంబు కాలేదు, తుపాకీ కాలేదు, లోపల కదిలే భాగాలున్న యంత్రమేదీ కాలేదు. చదరంగంలో గుర్రం ఎలా కదులుతుందో ముందే తెలిస్తేనే కదా ఆట మీద ఉత్కంఠ. ఇప్పటి సినిమాల్లో ప్రతినాయకుడికి సన్నివేశానికో కొత్త శక్తి పుట్టుకొస్తుంది. ఏదైనా చేయగలవాడిని చూసి భయం పుట్టదు, విసుగు పుడుతుంది.

చప్పుడు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మా కుర్రాళ్లు దాన్ని పట్టించుకోరు. శబ్దరూపకర్త గ్యారీ రైడ్‌స్ట్రామ్ ఆ చువ్వలు దాటే షాట్‌కు వాడింది డబ్బాలోంచి కుక్కల తిండి ముద్దగా జారి బయటపడే చప్పుడు. తెర మీద మెరిసే లోహం, చెవికి చిక్కటి ముద్ద. ఆ ముద్ద చప్పుడు మెదడుకు బరువు చెబుతుంది. సినిమాకు వచ్చిన నాలుగు ఆస్కార్లలో రెండు చప్పుడుకే వచ్చాయి.

బరువు అంటే అన్నీ నిజంగా చేశారని కాదు. కాలువలోకి మోటార్‌సైకిల్ దూకే షాట్‌లో బండిని తీగలు మోశాయి, వాటిని కంప్యూటర్‌లో చెరిపేశారు (ఆ పని చేసిన అజ్ఞాత సోదరులకు నా నమస్కారం). చివరి పోరాటం జరిగే ఉక్కు కర్మాగారం కాలిఫోర్నియాలోని ఫోంటానాలో అప్పటికే మూతపడినది, ఆ ఎర్రటి వేడి అంతా దీపాల మాయ. విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మా బాబాయి ఆ ఘట్టం చూసి పకపకా నవ్వారు. కరిగిన ఉక్కుకు అంత దగ్గరగా మామూలు బట్టల్లో నిలబడితే కనుబొమలు మిగలవని ఆయన వాదన. నిజమే. కానీ అబద్ధం ఆడాల్సిన చోట ఆడి, ఆడకూడని చోట నిజం పెట్టారు. హెలికాప్టర్ వంతెన కింద నుంచి దూసుకుపోయేది నిజమైన హెలికాప్టర్, నిజమైన వంతెన. చక్ టాంబురో అనే పైలట్ నడిపాడు. ఆ షాట్ చూస్తున్నప్పుడు మీ భుజాలు బిగుసుకున్నాయా లేదా? ఏది నిజమో మన ఒంటికి తెలుస్తుంది.

ఇక కథ. నా ఉద్దేశంలో మీ రెండో సందేహానికి జవాబు ఇక్కడ ఉంది.

1984 నాటి మొదటి భాగం సుమారు 64 లక్షల డాలర్లతో తీసిన చిన్న సినిమా. భవిష్యత్తు నుంచి ఒక యంత్రం వచ్చి సారా అనే హోటల్ పరిచారికను వెంటాడుతుంది, అంతే కథ. దాదాపు 10 కోట్ల డాలర్లు పెట్టి తీసిన రెండో భాగంలో దర్శకుడు జేమ్స్ కామెరాన్ అదే వేటను పెద్దది చేసి సరిపెట్టుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు, ఒక విలన్ చోట ఇద్దరు, ఒక పేలుడు చోట పది. ఆయన కుర్చీలాటలో లాగా అందరి స్థానాలు మార్చేశాడు. వేటగాడు కాపలాదారయ్యాడు. భయంతో పరుగెత్తిన అమ్మాయి వేటగత్తె అయింది. పోలీసు దుస్తులు, అంటే మనం నమ్మాల్సినవి, హంతకుడి ఒంటి మీదికి వెళ్లాయి.

మొదటి అరగంట మళ్లీ చూడండి. భవిష్యత్తు నుంచి ఇద్దరు నగ్నంగా దిగుతారు. మొదటి భాగం చూసినవాడికి ఆర్నాల్డ్ అంటే చావు. సన్నగా, చురుగ్గా ఉన్న రెండోవాడు మొదటి భాగంలో లాగే కాపాడటానికి వచ్చిన మనిషని ఆ ప్రేక్షకుడు అనుకుంటాడు. ఎవరు ఎవరో సినిమా మాటల్లో చెప్పదు. షాపింగ్ మాల్ వెనక నడవాలో గులాబీల పెట్టెలోంచి తుపాకీ బయటికి వస్తుంది, పువ్వులు బూటు కింద నలుగుతాయి, కుర్రవాడు ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. ‘వంగు’ అన్నది ఎవరు? అప్పుడు తెలుస్తుంది. విచిత్రమేమిటంటే సినిమా విడుదలకు ముందే ట్రైలర్లు ఈ గుట్టు విప్పేశాయి. ఇంత శ్రమపడి కట్టిన ముడిని ప్రచారం కోసం వాళ్లే విప్పేసుకున్నారు. మీరు కూడా ఆర్నాల్డ్ మంచివాడని తెలిసే చూసి ఉంటారు. తెలియని వాళ్లెవరైనా దొరికితే మొదటి భాగం చూపించి, వెంటనే ఇది పెట్టి, ఆ నడవా ఘట్టంలో తెరను కాకుండా వాళ్ల ముఖం చూడండి. నేను మా అమ్మాయి మీద ఈ ప్రయోగం చేశాను.

సారా కానర్ దగ్గర కాసేపు ఆగాలి. ఆ పాత్ర కోసం లిండా హామిల్టన్ కండలు పెంచిన సంగతి అందరూ చెబుతారు. నాకు ముఖ్యమైనది డైసన్ ఇంటి మీద దాడి. భవిష్యత్తులో ప్రపంచాన్ని నాశనం చేసే కంప్యూటర్‌కు పునాది వేయబోయే ఇంజనీరు మైల్స్ డైసన్. అతను దుర్మార్గుడు కాదు. రాత్రిపూట ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకుంటున్న తండ్రి. మా అపార్ట్‌మెంట్‌లో అలాంటివాళ్లు ప్రతి అంతస్తులోనూ ఉన్నారు. సారా బయట చీకట్లో తుపాకీ గురి పెడుతుంది. కొడుకు ఆడుకుంటున్న బొమ్మకారు వచ్చి కాలికి తగలడంతో అతను వంగుతాడు, తూటా తప్పుతుంది. ఆ తర్వాత ఆమె ఇంట్లోకి నడిచి వచ్చే తీరు గమనించండి. ముఖంలో ఏమీ లేదు. ఆగదు, తొందరపడదు. ఆ నడక మొదటి భాగంలో యంత్రం నడిచిన నడక.

తర్వాత ఆమె కాల్చలేక కుప్పకూలిపోతుంది. అదే సమయంలో, మనిషిని చంపకూడదని ఒక కుర్రాడు ఆజ్ఞాపించినందుకు యంత్రం మోకాళ్లకు గురిపెట్టడం నేర్చుకుంటోంది. మనిషి యంత్రమవుతున్నప్పుడు యంత్రం మనిషి వైపు నాలుగడుగులు వేసింది. దీన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు, నడకతోనే చెప్పారు.

(నిజానికి ఒక ఉపన్యాసం ఉంది. ఎడారిలో సారా గొంతు వెనక నుంచి వినిపిస్తూ, ఈ కుర్రాడికి దొరికిన తండ్రుల్లో ఈ యంత్రమే మేలని చెబుతుంది. దాని మీద నాకు చిన్న గొడవ ఉంది. జాన్, ఆ మరమనిషి సరదాగా చేతులు చరుచుకోవడం దూరం నుంచి చూపించారు కదా, మళ్లీ మాటెందుకు?)

డైసన్ చివరి క్షణాలను మాత్రం నేను పాఠంలా చూస్తాను. తూటాలు తిని, ప్రయోగశాలను పేల్చే మీట మీద ఒక బరువైన ముక్కను చేత్తో పట్టుకుని ఉంటాడు. చేయి ఉన్నంతసేపు పేలదు. ఊపిరి ఆగుతూ ఆగుతూ వస్తుంది. పోలీసులు వెనక్కి పరుగెడతారు. చేయి వాలుతుంది. ఒక మనిషి ప్రాణాన్ని గడియారంగా వాడుకున్న ఆ షాట్‌లో గ్రాఫిక్స్ అసలు లేవు.

నేను ఈ సినిమా మొదట చూసింది గుంటూరులో, అద్దెకు తెచ్చిన క్యాసెట్‌లో. అరిగిపోయిన ప్రింటు, తెర మీద గీతలు. నాకు పదకొండేళ్లు, ఇంగ్లీషు ఒక్క ముక్క అందలేదు. పక్కన కూర్చున్న మా నాన్నకు నాకన్నా రాదు. చివర్లో కరిగిన ఉక్కులోకి దిగిపోతూ ఆ మరమనిషి చేయి బొటనవేలు పైకెత్తినప్పుడు ఆయన ‘పాపం, మంచివాడు’ అన్నారు. మరమనిషిని ‘వాడు’ అన్నారు, ‘అది’ అనలేదు. భాష రాని మనిషికి, గీతలు పడిన తెర మీద, సినిమా చెప్పదలుచుకున్నది చేరిపోయింది. మోజు అని మీరంటున్నది ఇదేనేమో. అయితే ఆ రోజు నాన్నకు అందులో ఏ జ్ఞాపకమూ లేదు.

ఆ సినిమా విడుదలైన నెలలోనే మన దగ్గర జరిగింది కూడా గుర్తు చేసుకోవాలి. టెర్మినేటర్ 2 అమెరికాలో విడుదలైంది 1991 జూలై 3న. సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ వచ్చింది జూలై 18న. అదీ కాలప్రయాణమే, అందులోనూ యుద్ధం తర్వాత పాడైపోయిన భవిష్యత్తే. బడ్జెట్లలో పోలిక పెట్టడం అన్యాయం. అయినా మనవాళ్లు దాన్ని ఇప్పటికీ చూస్తున్నారంటే కారణం అందులోని కాలయంత్రం కదలిక కాదు, కృష్ణదేవరాయల కొలువులోకి నేటి మనుషులు దిగాక జరిగే తమాషా. గ్రాఫిక్స్ నేర్చుకునేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన చూడటం మంచిది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కాలప్రయాణపు తర్కాన్ని గట్టిగా లాగితే చిరుగుతుంది. ద్రవలోహం బయటికి మాంసం పూత లేకుండా కాలయంత్రంలో ఎలా వచ్చిందో అడగకండి, మాంసం పూత ఉన్నదే కాలంలో ప్రయాణించగలదని మొదటి భాగంలో పెట్టుకున్న నియమాన్ని వాళ్లే పక్కన పెట్టేశారు. కుర్రవాడు నేర్పిన వీధి మాటలను ఆర్నాల్డ్ అప్పజెప్పడం మొదటిసారి నవ్వు తెప్పిస్తుంది, నాలుగోసారి తెప్పించదు.

తర్వాత 2003, 2009, 2015, 2019లలో వచ్చిన భాగాలు ఎందుకు నిలవలేదన్నది మీరు అడగలేదు, కానీ ఒక్క మాట. రెండో భాగం తలుపు వేసేసింది. విధిరాత మార్చవచ్చని చెప్పి, అందుకు ధరగా ఆ మరమనిషిని బలి ఇచ్చింది. ఇంకో భాగం తీయాలంటే ముందు ఆ బలి వృథా అయిందని చెప్పాలి. ఇంటిని కూల్చి అదే ఇటుకలతో మళ్లీ కట్టాలనుకున్నారు. 2023లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి చేరినది రెండో భాగం. మొదటిది 2008లోనే చేరింది. ఆ తర్వాతివి బయటే ఉన్నాయి.

ఏ ప్రతి చూడాలన్నదానికి నా సలహా: ముందు 1984 సినిమా, ఆ వెంటనే రెండోదాని 137 నిమిషాల థియేటర్ ప్రతి. బిగువు అందులోనే ఉంది. నచ్చితే కొన్నాళ్లాగి, సుమారు పావుగంట ఎక్కువ ఉన్న ప్రత్యేక ప్రతి చూడండి. అందులో మరమనిషి తలలోంచి చిప్పు బయటికి తీసే ఘట్టం ఒకటి ఉంది. దాన్ని కోసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చిప్పు చేతికి రాగానే సారా దాన్ని పగలగొట్టడానికి సుత్తి ఎత్తుతుంది, జాన్ అడ్డుపడతాడు. తల్లి మాటను కొడుకు మొదటిసారి కాదన్న చోటు అది.

ఆ ఘట్టంలో అద్దం ముందు కూర్చున్న ఆర్నాల్డ్ తలను సారా వెనక నుంచి విప్పుతుంటుంది. అద్దంలో ఆర్నాల్డ్ ముఖం, సారా చేతులు, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, కెమెరా మాత్రం కనిపించదు. కారణం, అక్కడ అద్దం లేదు, గోడకు కంత ఉంది. అవతలి వైపు నిజమైన ఆర్నాల్డ్, లిండా హామిల్టన్. ఇవతల మనకు వీపు చూపిస్తున్నది ఆర్నాల్డ్ బొమ్మ, దాని వెనక నిలబడింది లిండా కవల సోదరి లెస్లీ. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి చేతులను ఒకరు అనుకరిస్తూ నటించారు. కంప్యూటర్ పని ఒక్క చుక్క లేదు. నెమ్మదిగా, ఫ్రేము తర్వాత ఫ్రేము నడిపించి చూడండి. చేతుల కదలికలో ఎక్కడైనా తేడా దొరికితే ఇక్కడే రాయండి.